క్లచ్ మనది, నంబరు వాళ్ళది

ఆల్ వీల్ డ్రైవ్ కారు కొన్న ప్రతివాడికీ మొదటి నెలలోనే ఎవడో ఒకడు చెప్పే మాట ఒకటుంది. "నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది కదా బాసూ, ఎంత గట్టిగా వదిలినా ఏం కాదు." రెండో ఏడు క్లచ్ జారడం మొదలెట్టాక అదే మనిషి చెప్పే మాట ఇంకొకటుంది. "నీకు నడపడం రాదు." రెండూ తప్పే. ఒకటి ఫిజిక్సు తప్పు, రెండోది న్యాయం తప్పు. ఈ రెండు తప్పుల మధ్య నిలబడి కారు కంపెనీలు హాయిగా డబ్బు చేసుకుంటున్నాయి, బిల్లు మాత్రం మనం కడుతున్నాం. నా గొడవంతా అదీ.

క్యామ్రీ, తర్వాత అకార్డు, పిల్లలు పుట్టాక ఒడిస్సీ అనే మన తెలుగువాళ్ళ రాజమార్గంలో సుఖంగా వెళ్తున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఆపకండి. బెంచిమార్కు అంటే ఏమిటో, దాన్ని చూపించి సరుకు ఎలా అమ్ముతారో మనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఇదీ ఒక బెంచిమార్కు కథే.

ముందు హార్డ్ లాంచ్ అంటే ఏమిటో. కారు నిలబడి ఉండగా మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, ఇంజన్ని నాలుగైదు వేల ఆర్పీఎం దగ్గర అరిపించి, ఆ పైన క్లచ్ ఒక్కసారిగా వదిలేయడం, లేదా ఒకటి రెండు సెకన్లు హాఫ్ క్లచ్‌లో జారనిచ్చి వదలడం. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, దాని అన్నగారు ఎస్టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, ఈ మూడూ ఈ విద్యకి పెట్టింది పేరు. 227 హార్స్‌పవర్ డబ్ల్యూఆర్‌ఎక్స్ 2001లో అమెరికాకి వచ్చింది. 2003లో 271తో ఎవల్యూషన్, 300తో ఎస్టీఐ దిగాయి. అంతకు ముందు అమెరికా కుర్రాళ్ళకి ఈ కార్లు వీడియో గేముల్లోనే తెలుసు. గేములో క్లచ్ అరగదు. గొడవ అక్కడే మొదలైందని నా అనుమానం.

ఇప్పుడు లెక్క. ఎంసెట్‌కి చదివిన ఫిజిక్సు చాలు. మనిషితో కలిపి 1,500 కిలోల డబ్ల్యూఆర్‌ఎక్స్ అనుకుందాం. దానికి మొదటి గేరులో 5,000 ఆర్పీఎం అంటే సుమారు గంటకి 44 కిలోమీటర్ల వేగం. అంటే మీరు ఇంజన్ని 5,000 దగ్గర పట్టుకుని క్లచ్ వదిలితే, కారు 44కి చేరేదాకా క్లచ్‌కి ఒక పక్క 5,000 తిరుగుతోంది, రెండో పక్క అంతకంటే తక్కువ తిరుగుతోంది. ఆ తేడానే జారడం. ఆ జారడమే వేడి. ఇంజను వేగం నిలకడగా ఉందనుకుంటే, క్లచ్ పూర్తిగా పట్టేసరికి కారుకి ఎంత గతిశక్తి వచ్చిందో సరిగ్గా అంత శక్తీ క్లచ్‌లో వేడి కింద పోతుంది. సగం కారుకి, సగం క్లచ్‌కి. అన్నదమ్ముల పంపకం లాగా సరిసమానం.

లెక్కేస్తే ఇది దాదాపు 110 కిలోజౌళ్ళు. అదే కారుని సిగ్నలు దగ్గర మామూలు మనుషుల్లా 1,500 దగ్గర వదిలితే 10 కిలోజౌళ్ళు. ఆర్పీఎం మూడు రెట్ల పైచిలుకు పెరిగితే వేడి పదకొండు రెట్లయింది. వేగం వర్గానికి వెళ్తుంది కాబట్టి అంతే మరి. "నేను నెలకి నాలుగు సార్లే లాంచ్ చేస్తా" అనేవాడు మామూలు బయల్దేరడాలతో పోల్చి ఒకటికి ఒకటి లెక్కేసుకుంటాడు. ఒకటికి పదకొండు వెయ్యాలి. అదీ క్లచ్ చల్లగా ఉన్నప్పటి సంగతి. వెంటవెంటనే చేస్తే రెండోది మొదటిదాని వేడి మీద, మూడోది రెండోదాని వేడి మీద పడుతుంది. వేడెక్కిన లైనింగుకి పట్టు తక్కువ, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడి. ఎగ్జిట్ కండిషన్ లేని లూపు.

కిలోజౌళ్ళంటే మనసుకి ఎక్కకపోతే ఇలా చూడండి. ఆ 110 కిలోజౌళ్ళూ రెండు సెకన్ల లోపే వచ్చి పడతాయి. అంటే సుమారు 60 కిలోవాట్లు. ఇంట్లో స్నానానికి నీళ్ళు కాచే గీజరు 2 కిలోవాట్లు. ముప్ఫై గీజర్లు ఒకేసారి ఆన్ చేసి, ఆ వేడంతా టిఫిన్ ప్లేటంత, 23 సెంటీమీటర్ల చక్రం మీద పడేస్తే ఎలా ఉంటుందో అదీ లాంచ్. ఫ్లైవీలూ ప్రెజర్ ప్లేటూ బరువైన లోహమే, ఆ వేడిని తాగగలవు. కానీ లోపలికి ఇంకడానికి టైము కావాలి కదా. ఆ రెండు సెకన్లలో కాలేది పైపొర. అందుకే విప్పి చూస్తే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్ళు, ప్లేటు మీద అద్దంలా నున్నబడ్డ లైనింగు కనిపిస్తాయి. కారులోకి వచ్చే ఆ మాడు వాసన కూడా ఇదే. మన ఊళ్ళో ఘాట్ రోడ్డు ఎక్కే లోడు లారీ వెనక నడిచినవాళ్ళకి ఆ వాసన కొత్త కాదు.

సరే, ఇదంతా ఏ కారుకైనా ఉండేదే కదా, ఆల్ వీల్ డ్రైవ్‌కి ప్రత్యేకం ఏమిటి అంటారా? ఇక్కడే ఆ మొదటి మాట పచ్చి అబద్ధం అని తేలేది. రెండే చక్రాలకి శక్తి వెళ్ళే కారుని ఇలా వదిలితే టైర్లు గిర్రున తిరుగుతాయి, పొగ వస్తుంది, కారు పెద్దగా కదలదు. కారు కదలకపోయినా చక్రం తిరిగింది కాబట్టి క్లచ్ రెండు పక్కలా వేగం చప్పున కలిసిపోతుంది. జారే పని టైరు తీసుకుంది, క్లచ్ బతికిపోయింది. నాలుగు చక్రాలూ రోడ్డుని పట్టుకుంటే? టైరు జారదు. ఇంజనుకీ రోడ్డుకీ మధ్య ఎక్కడో ఒకచోట జారి తీరాలి, లేకపోతే ఇంజను ఆగిపోతుంది, లేదా ఏదో ఒకటి విరుగుతుంది. జారడానికి మిగిలింది క్లచ్ ఒక్కటే. అంటే ఆ కారు గొప్పదనం ఏదో, నాలుగు చక్రాల పట్టు, అదే క్లచ్‌ని చంపేది. "నాలుగు చక్రాలూ ఉన్నాయి కాబట్టి ఏం కాదు" కాదు నాయనా. నాలుగు చక్రాలూ ఉన్నాయి కాబట్టే అవుతుంది.

మరి అయిదు వేల దగ్గరే ఎందుకు వదలడం, రెండు వేల దగ్గర వదలొచ్చు కదా? వదలొచ్చు, కానీ నంబరు రాదు. చిన్న ఇంజను, పెద్ద టర్బో. 3,000 దాటితే తప్ప టర్బో నిద్ర లేవదు. తక్కువలో వదిలితే టైర్లు జారవు కాబట్టి ఇంజను ఆ పట్టుకి తట్టుకోలేక కిందకి దిగిపోయి చతికిలబడుతుంది. అందుకని పత్రికల టెస్టు డ్రైవర్లు పైనుంచి వదులుతారు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళ పనే అది. మర్నాడు తాళాలు కంపెనీకి తిరిగిచ్చేస్తారు, క్లచ్ కూడా కంపెనీదే. ఆ నంబరు మాత్రం ప్రకటనలోకి, డీలరు నోట్లోకి, అక్కణ్ణించి మన బుర్రలోకి వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం అంటే ఇదే, కాకపోతే ఇక్కడ అత్త మనమే.

అమెరికా పత్రికల 0 నుంచి 60 మైళ్ళ నంబరులో ఇంకో చిన్న చమత్కారం కూడా ఉంది. డ్రాగ్ స్ట్రిప్ సంప్రదాయం అని చెప్పి మొదటి ఒక అడుగు దూరానికి పట్టే టైము తీసేస్తారు. సుమారు 0.3 సెకను. అంటే సున్నా సున్నా కాదు. కారు అప్పటికే కదులుతోంది. అయిదు సెకన్ల పరీక్షలో 0.3 సెకను మినహాయింపు! మనం ఏ లోడ్ టెస్టులోనైనా "మొదటి రిక్వెస్టు లెక్కలోకి రాదు" అని ఆరు శాతం కొట్టేస్తే క్లయింటు ఊరుకుంటాడా?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఎన్నో ఏళ్ళుగా ఇంకో నంబరు కూడా వేస్తోంది. 5 మైళ్ళ వేగంతో మెల్లగా దొర్లుతున్న కారుని, క్లచ్‌తో ఏ గారడీ చెయ్యకుండా, 60కి తీసుకెళ్ళడానికి పట్టే టైము. మామూలు కార్లలో ఈ రెండు నంబర్లకీ తేడా కొంచెమే. టర్బో, ఆల్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు మూడూ కలిసిన కార్లలో తేడా సెకను పైనే ఉంటుంది. ఆ సెకను కారుది కాదు. అది క్లచ్ ప్లేటు నుంచి గీకి తీసిన సెకను. మీరూ నేనూ రోజూ నడిపే కారు రెండో నంబరుది. మనకి అమ్మింది మొదటి నంబరుది. రెండో నంబరు పత్రికలో చివరి పేజీ పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ బ్రోషర్లోనూ నేను దాన్ని చూడలేదు.

ఇహ మన వీరాభిమానుల సంగతి. వీళ్ళలో రెండు మఠాలు. "జారనిస్తే క్లచ్ కాలుతుంది, టక్కున వదిలెయ్" అనే మఠం ఒకటి. "టక్కున వదిలితే గేర్లు విరుగుతాయి, జారనివ్వు" అనే మఠం ఇంకోటి. రెండూ నిజమే, అదే చిక్కు. టక్కున వదిలితే ఇంజను చప్పున కిందకి దిగుతుంది కాబట్టి వేడి తగ్గుతుంది, కానీ ఫ్లైవీలులో దాచిన తిరుగుడంతా ఒక్క దెబ్బగా గేర్ల పళ్ళ మీద పడుతుంది. డబ్ల్యూఆర్‌ఎక్స్ పాత అయిదు గేర్ల బాక్సుకి అభిమానులే గాజు గేరుబాక్సు అని పేరు పెట్టుకున్నారు. జారనిస్తే గేర్లు బతుకుతాయి, వేడంతా ప్లేటు తింటుంది. ఎలా వదిలినా వేడి లేకుండా, దెబ్బ లేకుండా అయిదు వేల నుంచి వదిలే విద్య లేదు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే కుదరదు.

కంపెనీ ఇంజనీర్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఎవల్యూషన్ ఎనిమిది, తొమ్మిది కార్లలో క్లచ్ ద్రవం వెళ్ళే గొట్టంలో సన్నటి బెజ్జం ఉన్న ఒక చిన్న ముక్క పెట్టారు. మీరు పెడల్ మీంచి కాలు ఎంత విసురుగా తీసినా క్లచ్ మాత్రం కొంచెం నెమ్మదిగా పట్టుకుంటుంది. మన భాషలో రేట్ లిమిటర్. ఎవరో బుర్ర ఉన్న మనిషి, వెనకున్న గేరుబాక్సుని కాపాడడానికి పెట్టినది. వీరాభిమానులు కారు కొన్నాక మొదట పీకేసే ముక్కల్లో ఇదొకటి. పెడల్ స్పష్టంగా ఉంటుందిట. ఉంటుంది, ఉండకేం. ప్రొడక్షన్ సర్వర్ మీద త్రాట్లింగ్ తీసేసినా మొదటి రెండు రోజులు రెస్పాన్స్ టైము భేషుగ్గానే ఉంటుంది.

పోయాక వేసే మందు ఇంకా గొప్పది. "స్టేజ్ 2 క్లచ్ వేయించు, స్టేజ్ 3 వేయించు." గట్టి స్ప్రింగు, సిరామిక్ ముక్కలు, పట్టిందంటే వదలదు. మన ఇళ్ళల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందపాటి రాగి తీగ చుట్టి వదిలేసే పెద్దమనుషులుండేవాళ్ళు గుర్తుందా? ఫ్యూజు ఇక పోదు, నిజమే. వైరింగు పోతుంది. జారే గుణం ఉన్న ఒకే ఒక్క భాగాన్ని జారకుండా చేసి, ఆ దెబ్బని గేరుబాక్సుకి, డిఫరెన్షియల్‌కి, యాక్సిల్స్‌కి బదిలీ చెయ్యడం అన్నమాట. సుబారులో ముందు డిఫరెన్షియలూ, మధ్య డిఫరెన్షియలూ గేరుబాక్సు పెట్టెలోనే ఉంటాయి. క్లచ్ ప్లేటు పోతే ప్లేటు మార్చుకుంటాం. పెట్టె లోపల పన్ను విరిగితే ఆ ముక్కలు ఎక్కడెక్కడ తిరిగొస్తాయో దేవుడికి తెలియాలి.

ఇంతవరకూ వీరాభిమానుల్ని తిట్టాను కాబట్టి కంపెనీవాళ్ళు సంతోషిస్తుంటారు. వాళ్ళ వంతుకి వద్దాం.

నిస్సాన్ జీటీఆర్ కథ ఈ మొత్తం వ్యవహారానికి పాఠ్యపుస్తకం. 2007 డిసెంబరులో జపాన్‌లో, 2008 జులైలో అమెరికాలో అమ్మకానికొచ్చింది. 480 హార్స్‌పవర్, 1,700 కిలోలు దాటిన బరువు, నాలుగు చక్రాల శక్తి, వెనక రెండు క్లచ్‌ల గేరుబాక్సు. స్థిరత్వం చూసే వీడీసీ వ్యవస్థని ఆపేసి, స్విచ్‌లు సరైన చోట పెట్టి, బ్రేకు తొక్కి ఎక్సలేటరు అదిమితే ఇంజను 4,500 దగ్గర నిలబడేది. బ్రేకు వదిలితే రాకెట్టు. ప్రపంచంలో ప్రతి పత్రికా అలాగే టెస్టు చేసింది. 60 మైళ్ళకి మూడున్నర సెకన్లు అటూ ఇటూ, దానికి రెట్టింపు ధర కార్లు సిగ్గుపడేలా. ఆ నంబరే ఆ కారు కీర్తి.

తరువాత కొందరి గేరుబాక్సులు పోయాయి. కొత్తది వెయ్యాలంటే దాదాపు 20,000 డాలర్లు. వారంటీ అడిగితే కంపెనీ మాన్యువల్ తీసి చూపించింది. వీడీసీ ఆపేది బురదలోనో మంచులోనో కూరుకుపోయినప్పుడు బయటపడడానికట, అది ఆపి నడిపినప్పుడు జరిగిన నష్టానికి వారంటీ లేదుట. చూశారా? ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన నంబరు వచ్చిన దారీ, వారంటీ రద్దయ్యే దారీ ఒకటే. కంపెనీ ఎప్పుడైనా పత్రికలకి ఉత్తరం రాసిందా, "అయ్యా, మీరు మా కారుని బురదలో వాడాల్సిన పద్ధతిలో టెస్టు చేశారు, ఆ నంబరు దయచేసి తీసెయ్యండి" అని?

గొడవ పెరిగాక 2009లో సాఫ్ట్‌వేర్ మార్చి లాంచ్‌ని 3,000 ఆర్పీఎం దగ్గరికి దించారు. దాంతో కారు పరుగు చెప్పుకోదగ్గంతగా మందగించలేదు కూడా. అంటే ఆ 4,500 అవసరమే లేదన్నమాట! ముందు ఆ విలువ పెట్టిందీ వాళ్ళ ఇంజనీర్లే, తరువాత తగ్గించిందీ వాళ్ళే, మధ్యలో దాన్ని వాడినవాడు మాత్రం దుర్వినియోగం చేసినవాడు. మనం రాసిన ఫంక్షను కాల్ చేస్తే యూజర్ డేటాబేసు పాడైంది అనుకోండి. వచ్చే వెర్షన్లో దాన్ని సరిచేస్తూ, పాత యూజర్‌తో "నువ్వెందుకు కాల్ చేశావు?" అంటే, మన మేనేజరు మన ముఖాన ఏం కొడతాడు?

ఇది క్లచ్‌తో వచ్చిన జబ్బు మాత్రమే కాదు. క్లచ్చే లేని కార్లలోనూ ఈ బుద్ధి కనిపించింది. టెస్లాలో లాంచ్ మోడ్ ఎక్కువసార్లు వాడినవాళ్ళకి కారు శక్తిని చడీచప్పుడు లేకుండా తగ్గించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్లో ఉందని 2017 మొదట్లో బయటపడింది. ఓనర్లు గోల చేశాక ఆ పరిమితి తీసేస్తామన్నారు. అమ్మేటప్పుడు సెకన్లు చెప్పడం, ఎన్నిసార్లో చెప్పకపోవడం.

"అరిగే భాగం అరగక ఏమవుతుంది? బ్రేకు ప్యాడ్లు అరగవా, వైపర్లు అరగవా? ఆడుకున్నవాడు కట్టుకుంటాడు" అని ఒక వాదన ఉంది. నిజంగా బలమైన వాదనే. మూడు పెడళ్ళ కారులో, ఏ లాంచ్ బటనూ లేని చోట, తన కాలితో తాను అయిదు వేల నుంచి వదిలినవాడు డీలరు దగ్గరికెళ్ళి ఏడిస్తే నాకూ జాలి లేదు. కానీ బ్రేకు పోలిక చెల్లదు. 60 నుంచి ఆగే దూరం అనే నంబరు ప్రాణం మీదకొస్తే మీకూ నాకూ అవసరం పడుతుంది, గట్టిగా బ్రేకు తొక్కావు కాబట్టి వారంటీ లేదని ఎవడూ అనడు. ప్యాడ్ల అరుగుదల చక్రం విప్పితే కంటికి కనబడుతుంది, గంటలో మార్చేస్తారు. క్లచ్ కనబడాలంటే గేరుబాక్సు దించాలి, లేదా ఇంజను పైకి లేపాలి. సుబారులో చాలామంది మెకానిక్కులు ఇంజను లేపడమే తేలిక అంటారు. ప్లేటు ధర వందల్లో, బిల్లు వేలల్లో.

పైగా ఆడుకున్నవాడే కట్టుకుంటాడు అన్నది నిజం కాదు. కట్టుకునేది రెండో ఓనరు. మా టీములో ఒక కుర్రాడు టెక్సస్‌లో ముప్ఫై వేల మైళ్ళు దాటిన డబ్ల్యూఆర్‌ఎక్స్ కొన్నాడు. వాళ్ళ నాన్నగారి మారుతి 800 మీద నేర్చుకున్నవాడు, క్లచ్ మీద కాలు ఆనించి కూర్చుంటే వీపు మీద చరిచే గురువు దగ్గర. అంత పద్ధతిగా నడిపేవాడు. నాలుగు నెలలకి హైవే మీద నాలుగో గేరులో తొక్కితే ఆర్పీఎం పెరుగుతోంది, వేగం పెరగట్లేదు. డీలరు విప్పించి, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు ఫోటో తీసి చూపించి, "డ్రైవర్ తప్పు" అని రాసి పంపాడు. "అన్నా, నేను ఒక్కసారి కూడా అలా వదల్లేదు" అంటాడు వాడు. వదల్లేదనే నేను నమ్ముతాను. ఆ మచ్చలు నాలుగు నెలల్లోవో నాలుగేళ్ళ కిందటివో ఫోటో చెప్పదు. రెండు వేల డాలర్ల దాకా అయింది. ఇంటికి పంపాల్సిన డబ్బు ఆ నెల వెళ్ళలేదు. ఆ కారుని లాంచ్ చేసి సరదా తీర్చుకున్నవాడు ఎవడో, వాడు అమ్మేటప్పుడు పెట్టిన ప్రకటనలో "పెద్దమనిషి నడిపిన కారు" అనే ఉంటుంది. అందరి ప్రకటనల్లోనూ అదే ఉంటుంది.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ప్రశ్న ఒకటి అడుగుతాను. కారు కంప్యూటరుకి ఇంజను వేగం తెలుసు, కారు వేగం తెలుసు, క్లచ్ పెడల్ కింద స్విచ్ ఉంది కాబట్టి పెడల్ ఎప్పుడు వదిలారో తెలుసు. కారు వేగం సున్నా, ఇంజను నాలుగు వేల పైన, పెడల్ వదిలారు. ఈ మూడూ కలిస్తే కౌంటరు ఒకటి పెంచు. పది లైన్ల కోడు. రాయలేరా? పోర్షే కంప్యూటర్లు ఇంజన్ని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో, ఏ స్థాయిలో తిప్పారో లెక్క దాచుకుంటాయి. పాత పోర్షే కొనేవాళ్ళు ఆ రిపోర్టు అడిగి మరీ చూస్తారు. కాబట్టి రాయలేక కాదు. వారంటీ తిరస్కరించడానికి కంపెనీకి పనికొచ్చే సమాచారం కారులోనే ఉంటుంది, అదే సమాచారం కొనేవాడి డాష్‌బోర్డు మీద కనబడదు. ఓడోమీటరు ఎందుకు పెడతారండీ? ఎంత అరిగిందో కొనేవాడికి తెలియాలనే కదా. లాంచ్ కౌంటరు కూడా దాని పక్కనే ఉండాలి, చెరపడానికి వీల్లేకుండా.

బీఎండబ్ల్యూని ఒక విషయంలో మెచ్చుకోవాలి. లాంచ్ కంట్రోల్ వాడితే భాగాలు ముందే అరుగుతాయని వాళ్ళ మాన్యువల్లో రాస్తారు. సూటిగా రాశారు, సంతోషం. ఇంకో సంగతి గమనించండి. 2018 ఎం5కి మొదటిసారి నాలుగు చక్రాల శక్తి ఇచ్చినప్పుడు, అంతకు ముందున్న రెండు క్లచ్‌ల గేరుబాక్సు తీసేసి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ పెట్టారు. అందులో జారేది ద్రవం, అరిగే లైనింగు కాదు. 2021లో వచ్చిన ఎం3లో మూడు పెడళ్ళు కావాలంటే వెనక చక్రాల శక్తే తీసుకోవాలి, నాలుగు చక్రాలు కావాలంటే ఆటోమేటిక్కే. కారణాలు చాలా ఉండొచ్చు, ఆ రెండూ కలిపి మాత్రం ఇవ్వలేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

లాంచ్ బటను పెట్టినవాడు దానికి వారంటీ ఇవ్వాలి, లేదా ఎన్నిసార్లు నొక్కొచ్చో స్టిక్కరు మీద రాయాలి. 0 నుంచి 60 నంబరు వేసే ప్రతి ప్రకటనలోనూ దొర్లుతున్న కారు నంబరు కూడా అంతే సైజు అక్షరాల్లో వెయ్యాలి. ఇవి జరిగేదాకా పాత ఆల్ వీల్ డ్రైవ్ టర్బో కారు కొనబోయే తమ్ముళ్ళు కనీసం ఇంత చెయ్యండి. బాగా వేడెక్కేదాకా నడపండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2,000 ఆర్పీఎంకి తెచ్చి ఎక్సలేటరు పూర్తిగా అదమండి. టర్బో లేచే చోట, 3,000కి అటూ ఇటూ, ముల్లు వేగంతో పాటు కాకుండా టక్కున పైకి గెంతితే ఆ క్లచ్ అయిపోయినట్టే, ధరలో రెండు వేలు తగ్గించి మాట్లాడండి. రెండు మూడు సార్లు చేసి, అద్దం దించి వాసన చూడండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూసుకోమని అమ్మేవాడు తొందరపెడితే, అస్సలు ఒప్పుకోకండి. చల్లగా ఉన్నప్పుడు అరిగిన క్లచ్ కూడా పట్టుకుంటుంది.